ఆర్కెస్ట్రాను ఎక్కడ వింటున్నాం: హాల్లోనా, మైకులోనా, ఫోన్లోనా?

2025 మార్చి 8న ఇళయరాజా లండన్‌లో ‘వాలియంట్’ అనే తన సింఫనీని వినిపించారు. అప్పటి నుంచి హైదరాబాద్‌లో నలుగురు సంగీతప్రియులు కలిసిన చోటల్లా అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. సింఫనీ అంటే అసలేమిటి? సినిమాలో వినే నేపథ్య సంగీతానికీ దానికీ తేడా ఏమిటి? దానికోసం లండన్ దాకా వెళ్లాలా? మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లో వింటే చాలదా? ‘లైవ్ సింఫనీ ఆర్కెస్ట్రాతో’ అంటూ మన ఊళ్లో హోర్డింగులు పెట్టి చేసే కార్యక్రమాలూ, వియన్నాలో జరిగే కచేరీలూ ఒకటేనా?

నేను చిన్నతనం నుంచీ ఈ సంగీతాన్ని ప్రేమిస్తున్నాను. మొదట రేడియోలో, తర్వాత క్యాసెట్లలో, చాలాకాలం తర్వాత హాల్లో విన్నాను. ఈ చర్చల్లో చిక్కు ఎక్కడ పడుతోందంటే, లైవ్ ఒకటి, రికార్డింగ్ ఒకటి అని మనం రెండే గీతలు గీస్తున్నాం. నిజానికి ఉన్నవి మూడు. మైకు లేకుండా హాల్లో వినేది, మైకుల ద్వారా హాల్లోనో మైదానంలోనో వినేది, రికార్డు చేసింది ఇంట్లో వినేది. మన ఊళ్లో మనం ‘లైవ్’ అంటున్నది చాలాసార్లు రెండోది. ఈ మూడూ చెవికి ఎందుకు వేరువేరుగా వినిపిస్తాయో తెలియాలంటే మొదట ఆర్కెస్ట్రాలో ఎవరెవరుంటారో చూడాలి.

## వేదిక మీద ఎవరెవరు

గణేశ్ మండపం దగ్గరో, పెళ్లి రిసెప్షన్లోనో కీబోర్డు, ప్యాడ్లు, గిటారు, ఇద్దరు గాయకులతో సినిమా పాటలు పాడే బృందాన్నీ మనం ఆర్కెస్ట్రా అంటాం. ఇక్కడ మాట్లాడుతున్నది సింఫనీ ఆర్కెస్ట్రా గురించి. అందులో 70 నుంచి 100 మంది దాకా ఉంటారు. సగానికి పైగా తంత్రీ వాద్యాలే: మొదటి వయొలిన్లు, రెండో వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదైన వయోలా, మోకాళ్ల మధ్య నిలిపి వాయించే చెల్లో, నిలువెత్తు డబుల్ బాస్. పెద్ద ఆర్కెస్ట్రాలో ఈ వరుసలో 16, 14, 12, 10, 8 మంది ఉండటం మామూలు. వాళ్ల వెనుక ఫ్లూట్, ఒబో, క్లారినెట్, బసూన్. ఆ వెనుక హార్న్‌లు, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, ట్యూబా. అన్నిటికీ వెనుక, శ్రుతి చేసుకోగలిగిన పెద్ద రాగి డోళ్లు, అంటే టింపని, తక్కిన తాళవాద్యాలు.

ఒబో పేరు కొత్తగా అనిపించినా దాని నాదం మనకు కొత్తది కాదు. మన సన్నాయిలాగే అందులోనూ రెండు రెల్లు పత్తీలు (రీడు) ఒకదానికొకటి ఆనుకుని అదురుతాయి. కచేరీ మొదలయ్యే ముందు ఒబో ఒకే స్వరం ఊదుతుంది. సెకనుకు 440 కంపనాలు దాని ప్రామాణిక స్థాయి. కొన్ని ఆర్కెస్ట్రాలు ఒకటి రెండు కంపనాలు ఎక్కువ పెట్టుకుంటాయి. అందరూ ఆ స్వరానికి శ్రుతి కలుపుకుంటారు. ఆ అరనిమిషం నాకు ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు.

సింఫనీ అనేది ఈ బృందం కోసం రాసిన ఒక రకం రచన. సాధారణంగా నాలుగు భాగాలుంటాయి: వేగంగా ఒకటి, నిదానంగా ఒకటి, నృత్యపు నడకలో ఒకటి, మళ్లీ వేగంగా ముగింపు. ఈ రూపాన్ని స్థిరపరిచిన హైడన్ నూటికి పైగా రాశాడు, బెథోవెన్ 9 రాశాడు. సినిమా నేపథ్య సంగీతాన్ని వాయించేదీ ఇదే ఆర్కెస్ట్రా కావచ్చు, కానీ అక్కడ సంగీతం ఎంతసేపుండాలో, ఎక్కడ తగ్గాలో దృశ్యం నిర్ణయిస్తుంది. సింఫనీలో అరగంటో గంటో సాగే కథనమంతా సంగీతానిదే. మొదటి నిమిషంలో వినిపించిన చిన్న స్వరగుచ్ఛం ఇరవయ్యో నిమిషంలో మరో వేషంలో వస్తుంది. దాన్ని గుర్తుపట్టడమే శ్రోతకు దక్కే ఆనందంలో సగం.

కర్ణాటక సంగీతానికి అలవాటుపడిన చెవికి ఇక్కడ ఒక్క విషయం కొత్త. మన దగ్గర రాగం ఒకే గీతలా సాగుతుంది. శ్రుతి కింద నిలబడి ఉంటుంది. ఇక్కడ ఒకేసారి వేర్వేరు స్వరాలు పలుకుతాయి. శంకరాభరణంలో స, గ, ప మూడింటినీ ఒకేసారి మోగించి చూడండి: అదొక స్థిరమైన గుచ్ఛం. రి, ప, ని కలిపి మోగిస్తే చెవి ఇంకేదో రావాలని ఎదురుచూస్తుంది, మళ్లీ స, గ, ప వచ్చేసరికి ఊరట పడుతుంది. ఆ ఎదురుచూపునూ ఊరటనూ అరగంట పాటు సాగదీసి నడపడమే సింఫనీ నిర్మాణం. మన వాగ్గేయకారులకు ఈ ప్రపంచం తెలియనిదేమీ కాదు. ముత్తుస్వామి దీక్షితులు పాశ్చాత్య బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చిన నోట్టుస్వరాలు ఈనాటికీ పిల్లలకు నేర్పుతున్నారు. ‘శక్తి సహిత గణపతిం’ వాటిలో ఒకటి.

## అన్ని వయొలిన్లు ఎందుకు?

ఒకే స్వరాన్ని 16 మంది వాయించడం దేనికి, ఒక్కరికి మైకు పెడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. లెక్క వేసి చూద్దాం.

శబ్దాన్ని డెసిబెల్లలో కొలుస్తారు. ఒకే స్థాయిలో మోగేవి రెండింతలైతే 3 డెసిబెల్లు పెరుగుతుంది. ఒక వయొలిన్‌కు రెండోది తోడైతే 3 పెరుగుతుంది. నాలుగైతే 6, ఎనిమిదైతే 9, పదహారైతే 12. మన చెవికి శబ్దం ‘రెట్టింపైంది’ అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్లు పెరగాలి. అంటే 16 మందిని కూర్చోబెట్టినా చెవికి వినిపించేది ఒక వయొలిన్ కంటే రెండింతలకు కాస్త ఎక్కువ, అంతే. జీతాల లెక్కలో చూస్తే ఇది శుద్ధ దండగ.

అయితే దక్కేది శబ్దపు పరిమాణం ఒక్కటే కాదు. ఏ ఇద్దరి వేళ్లూ సరిగ్గా ఒకే చోట పడవు, ఏ రెండు కమాన్లూ సరిగ్గా ఒకే క్షణాన కదలవు. సెకనులో వందోవంతు తేడాలు, శ్రుతిలో వెంట్రుకవాసి తేడాలు ఉంటాయి. అవన్నీ కలిస్తే ఒక్కొక్కరి గీకుడు వినిపించడం మానేసి, వెడల్పైన, మెత్తని, నిలిచి అదిరే నాదం పుడుతుంది. ఒక్క వయొలిన్‌ను ఎంత పెంచినా అది పెద్ద వయొలిన్ అవుతుంది గానీ వయొలిన్ల వరుస కాదు. కీబోర్డులో ‘స్ట్రింగ్స్’ మీట నొక్కితే వచ్చేది కూడా ఇలాంటి గుంపు నాదాన్ని రికార్డు చేసో, అనుకరించో తయారుచేసిందే.

## హాలు కూడా వాయిస్తుంది

గోల్కొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొట్టి, పైన బాలా హిసార్‌లో విన్నామని చెప్పుకోని హైదరాబాదీ ఉండరు. మధ్య దూరం సుమారు కిలోమీటరు అంటారు. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 345 మీటర్లు వెళ్తుంది కాబట్టి ఆ చప్పుడు పైకి చేరడానికి మూడు సెకన్లకు కాస్త తక్కువ పడుతుంది. చేయి చేసిన చిన్న చప్పుడు అంత దూరం బతకడానికి కారణం గుమ్మటం ఆకారం. అది ధ్వనిని చెదిరిపోనీయకుండా ఒక దిక్కుకు మళ్లిస్తుంది. కచేరీ హాలూ ధ్వనిని మళ్లిస్తుంది, కానీ ఒక దిక్కుకు కాకుండా అన్ని వైపులకూ.

హాల్లో కూర్చున్న శ్రోతకు మొదట వేదిక నుంచి నేరుగా వచ్చిన ధ్వని చేరుతుంది. ఆ వెంటనే పక్క గోడలకూ పైకప్పుకూ తగిలి వచ్చినవి చేరుతాయి. నేరుగా వచ్చిన దానికంటే అవి 27 మీటర్లు ఎక్కువ ప్రయాణించాయంటే సెకనులో వెయ్యింట 80 వంతుల ఆలస్యం, అంటే 0.08 సెకను. ఆ లోపు వచ్చినవాటిని చెవి విడిగా గుర్తించదు, అసలు ధ్వనిలో కలిపేసుకుని అది ఇంకా నిండుగా ఉందని భావిస్తుంది. పక్క గోడల నుంచి వచ్చేవి మరీ ముఖ్యం. ధ్వని మనల్ని చుట్టుముట్టినట్టు అనిపించేది వాటివల్లే. ఆ తర్వాత లెక్కలేనన్ని సార్లు తగిలి తిరిగి నెమ్మదిగా ఆరిపోయే తోక ఉంటుంది. బడి పుస్తకాల్లో దాన్నే ప్రతినాదం అంటారు. అది 60 డెసిబెల్లు తగ్గడానికి పట్టే సమయమే ప్రతినాద కాలం.

దీన్ని ముందుగా లెక్కగట్టవచ్చని చూపించినవాడు హార్వర్డ్ భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సబీన్. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాలు ఆయన సలహాతో కట్టిందే. ఆయన సూత్రం సులువు: హాలు ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, హాల్లోని వస్తువులు ధ్వనిని మొత్తం ఎంత పీల్చుకుంటాయో దానితో భాగించాలి. పీల్చుకోవడాన్ని చదరపు మీటర్లలో కొలుస్తారు. తెరిచిన కిటికీలోంచి పోయిన ధ్వని తిరిగి రాదు కాబట్టి, ఒక చదరపు మీటరు కిటికీ అంటే ఒక యూనిట్.

ఉదాహరణకు 12,000 ఘనపు మీటర్ల హాలు అనుకుందాం. దాన్ని 0.161తో గుణిస్తే 1,932 అవుతుంది. దట్టమైన తెరలు, తివాచీ, మెత్తని సీట్లు, గోడలకు బట్ట అంటించిన పలకలు కలిసి 1,932 యూనిట్లు పీలిస్తే ప్రతినాద కాలం ఒక సెకను. ఆ తెరలూ తివాచీలూ తీసేసి, గోడలకు గట్టి గచ్చు వేసి పీల్చుకోవడాన్ని 966కు తెస్తే రెండు సెకన్లు. హాలు అదే, పరిమాణం అదే, వినిపించే సంగీతం వేరు.

ఒక సెకను హాల్లో ప్రసంగం, నాటకం, కూచిపూడి జతుల స్పష్టత బాగుంటాయి. ప్రతి అక్షరం విడిగా వినిపిస్తుంది. అదే హాల్లో సింఫనీ పొడిబారినట్టుంటుంది. రెండు సెకన్ల హాల్లో తంత్రీ వాద్యాలు ఒకదానిలోకి ఒకటి కరిగి వెలిగిపోతాయి, మైకు పట్టుకుని మాట్లాడే వక్త మాటలు మాత్రం అలుక్కుపోతాయి. 1870లో తెరిచిన వియన్నా మ్యూజిక్‌ఫెరైన్ హాలు నిండుగా జనం ఉన్నప్పుడు కూడా సుమారు రెండు సెకన్లు పలుకుతుంది. పొడవైన పెట్టె ఆకారం, ఇరుకైన వెడల్పు, ఎత్తైన కప్పు దాని రహస్యం.

మన రవీంద్ర భారతి 1961 నాటిది. నాటకాలు, నృత్యాలు, సభలు, సన్మానాలు, గాన కచేరీలు అన్నిటికీ నిలయం. శిల్పకళా వేదిక అంతకంటే చాలా పెద్దది, అదీ అన్నిరకాల కార్యక్రమాలకూ ఉద్దేశించిందే. ఇలా పది పనులకు పనికిరావలసిన హాళ్లలో మాట స్పష్టతకే మొదటి పీట వేస్తారు. అది ఆ హాళ్ల లోపం కాదు, వాటిని కట్టిన ఉద్దేశమే అది. ఇక పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళా తోరణం లాంటి ఆరుబయటి వేదిక దగ్గర పక్క గోడలూ కప్పూ ఉండవు, వెళ్లిన ధ్వని వెళ్లినట్టే. అక్కడ వంద మంది ఆర్కెస్ట్రా కూడా కొన్ని వరుసలు దాటేసరికి పలచబడిపోతుంది.

నేను పూర్తి ఆర్కెస్ట్రాను మైకు లేకుండా మొదటిసారి విన్నది ముంబైలో, ఎన్‌సీపీఏ (నేషనల్ సెంటర్ ఫర్ ద పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) వారి జంషెడ్ భాభా థియేటర్లో. బిగ్గరగా ఉంటుందని అనుకుని వెళ్లాను. నన్ను కదిలించినవి మాత్రం అతి మెల్లని చోట్లు. డబుల్ బాస్‌లు దాదాపు వినిపించనంత నెమ్మదిగా పలుకుతుంటే ఆ అదురు కుర్చీ చేతుల్లో తెలిసింది. అన్నేళ్లు విన్న క్యాసెట్లలో అది ఒక్కసారీ దొరకలేదు.

## మైకు పెడితే ఏం మారుతుంది

ఇక రెండోది. గచ్చిబౌలి స్టేడియం లాంటి చోట వేలమందికి వినిపించాలంటే మైకులు తప్పవు. పైగా సినిమా పాటల కచేరీలో డ్రమ్స్, బాస్ గిటారు, గాయకుల గొంతు అన్నీ మైకులోనే వస్తాయి. వాటి ముందు మైకు లేని వయొలిన్లు ఎవరికీ వినిపించవు. కాబట్టి ఒక్కో వయొలిన్‌కు చిన్న క్లిప్ మైకు తగిలిస్తారు. చాలా కార్యక్రమాల్లో ముందే రికార్డు చేసిన కొన్ని ట్రాకులు కూడా వెనుక నడుస్తుంటాయి. వాటితో కలవడానికి వాద్యకారులు చెవిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తాళం టిక్కుటిక్కుమని చెప్పే క్లిక్‌ను వింటూ వాయిస్తారు.

దీనివల్ల మూడు మార్పులు వస్తాయి. దిక్కు పోతుంది. నాలుగు దిక్కుల నుంచి వచ్చినా, ముందుగా చేరిన ధ్వని వైపే అసలు మూలం ఉందని మెదడు లెక్కేస్తుంది. ఎడమ స్పీకరు మనకు దగ్గరగా ఉంటే వేదిక కుడివైపున ఉన్న చెల్లో కూడా ఎడమ స్పీకర్లోంచి వాయించినట్టే ఉంటుంది. రెండోది, కూర్పు చేతులు మారుతుంది. మైకు లేని హాల్లో ఫ్లూట్ వినపడాలంటే వయొలిన్లు తగ్గాలి, ఆ సంగతి ముందు నిలబడి ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్ చేతి సైగతో చెబుతారు. మైకులున్నచోట ఆ పని మిక్సర్ ముందు కూర్చున్న సౌండ్ ఇంజినీర్‌ది. ఆయన మంచి కళాకారుడైతే కచేరీ నిలబడుతుంది. మూడోది, వేగం. క్లిక్ నడుస్తుంటే కండక్టర్ ఒక స్వరాన్ని రవ్వంత నిలపాలనుకున్నా నిలపలేరు.

దూరం వల్ల ఇంకో సమస్య ఉంది. స్టేడియంలో వేదికకు 100 మీటర్ల దూరంలో ఉన్నవారికి ధ్వని 0.29 సెకను ఆలస్యంగా చేరుతుంది. మధ్యలో అదనపు స్పీకర్లు పెడితే వాటిని సరిగ్గా అంత ఆలస్యంగా మోగించాలి, లేకపోతే ఒకే దెబ్బ రెండుసార్లు వినిపిస్తుంది.

ఇది తక్కువరకం అని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. మన గాత్ర కచేరీలు దాదాపు అన్నీ దశాబ్దాలుగా మైకులోనే జరుగుతున్నాయి, వాటిలో మనం గొప్ప సంగీతం విన్నాం. వేల రూపాయల విమాన టికెట్టు కొనలేని శ్రోత ముందుకు 60 వయొలిన్లు తీసుకురావడం చిన్న సంగతి కాదు. అటువైపు వాదనలోనూ బలముంది: ఆర్కెస్ట్రా రచనలన్నీ హాలు పలుకుతుందన్న లెక్కతో రాసినవి, మైకులో విని ‘సింఫనీ అంటే ఇంతేనా’ అనుకున్న శ్రోత మళ్లీ అటువైపు రాకపోవచ్చు. టికెట్టు మీద ఇది ఏ రకమో స్పష్టంగా రాస్తే ఈ తగవు సగం తీరుతుందని నా అభిప్రాయం.

## రికార్డింగ్: కొమ్ము బూరా నుంచి ఫోన్ దాకా

మొదటి రికార్డింగుల్లో మైకు లేనేలేదు. పెద్ద బూరా ముందు వాయిస్తే ఆ ధ్వని బలమే సూదిని కదిలించి మైనం మీద గాడి గీసేది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ మూడు నిమిషాల్లో రాగాన్ని కుదించి పాడింది ఈ పద్ధతిలోనే. ఆర్కెస్ట్రాకు ఇది నరకం. వయొలిన్లు బూరాకు అందేవి కావు, అందుకే చెక్క పెట్టె బదులు లోహపు కొమ్ము బిగించిన స్ట్రో వయొలిన్లు వాడారు. డబుల్ బాస్ పలకదని దాని భాగాన్ని ట్యూబాతో ఊదించేవారు. 1913లో ఆర్థర్ నికిష్ బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో బెథోవెన్ ఐదో సింఫనీ మొత్తం రికార్డు చేసినప్పుడు దాన్ని 8 వైపులుగా ముక్కలు చేయాల్సి వచ్చింది. ప్రతి నాలుగు నిమిషాలకూ లేచి పళ్లెం తిప్పాలి.

1925లో మైకు, విద్యుత్ వచ్చాయి. 1948లో ఎక్కువసేపు మోగే రికార్డు, ఎల్పీ, వచ్చి ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా నిలిచింది. 1940ల చివర్లో అయస్కాంతపు టేపు స్టూడియోల్లోకి వచ్చాక తప్పు వాయించిన చోటును కత్తిరించి మంచి ముక్క అతికించడం సాధ్యమైంది. 1958కల్లా స్టీరియో రికార్డులు దుకాణాల్లోకి వచ్చాయి. 1982లో సీడీ. అది 74 నిమిషాలు ఉండటానికి కారణం బెథోవెన్ తొమ్మిదో సింఫనీ ఒకే పళ్లెంలో పట్టాలన్న కోరికేనని అందరూ చెప్పుకుంటారు. కథ అందంగా ఉంది గానీ, కంపెనీల మధ్య సాంకేతిక బేరసారాల పాత్రే ఎక్కువని వాదించేవారూ ఉన్నారు.

ఇంతకీ రికార్డింగ్‌లో మనం వినేది ఎక్కడ కూర్చుని? ఎక్కడా కాదు. కండక్టర్ తల మీదుగా ఎత్తులో కొన్ని మైకులు వేలాడదీస్తారు. ఫ్లూట్, ఒబో లాంటి ఊదే వాద్యాల దగ్గర కొన్ని, హాలు వెనుక ప్రతినాదం కోసం కొన్ని పెడతారు. అన్నీ కలిపి ఇంజినీరూ, నిర్మాతా, కండక్టరూ కలిసి ఒక ‘సీటు’ సృష్టిస్తారు. ఏ హాల్లోనూ అలాంటి సీటు లేదు. ఒబో రీడు గరగర నుంచి వెనుక గోడ ప్రతినాదం దాకా ఒకేసారి వినిపించే చోటది. నాకు రికార్డింగుల మీద ప్రేమ కలిగింది అందుకే. వయోలాలు ఏం చేస్తున్నాయో నేను నేర్చుకున్నది హెడ్‌ఫోన్లలోనే, హాల్లో కాదు.

## ఫ్యాను కింద సింఫనీ

‘కారులో వింటే సగం వినిపించదు, మిగతా సగం అదరగొట్టేస్తుంది’ అన్నది శాస్త్రీయ రికార్డింగుల మీద మామూలుగా వినే ఫిర్యాదు. కారణం ఇదీ.

హాల్లో ఆర్కెస్ట్రా అతి మెల్లని చోట 35 డెసిబెల్లు, అతి పెద్ద చోట 95 అనుకుందాం. తేడా 60. మన ఇంటి హాల్లో ఫ్యాను తిరుగుతూ, కిటికీలోంచి ఆటోల శబ్దం వస్తుంటే గది రొదే 45 ఉందనుకుందాం. మెల్లని చోటు ఆ రొద కంటే కాస్త పైన, 50కి రావాలంటే వాల్యూమ్ 15 పెంచాలి. అప్పుడు పెద్ద చోటు 110 అవుతుంది. ఇల్లు అదిరిపోతుంది, పక్క ఫ్లాటు వాళ్లు తలుపు తడతారు. తగ్గిస్తే మెల్లని చోటు మాయం. సినిమా పాటలో ఈ బాధ ఉండదు, ఎందుకంటే అందులో మెల్లని చోట్లను ముందే పైకి లేపి, పెద్ద చోట్లను నొక్కి తేడాను కొద్ది డెసిబెల్లకు కుదిస్తారు. దాన్నే కంప్రెషన్ అంటారు. బయటి రొదను తగ్గించే హెడ్‌ఫోన్లు సింఫనీ శ్రోతకు అంత మేలు చేయడానికి కారణం వాటి ఖరీదైన స్పీకర్ల కంటే ఆ 45ను కిందికి దించడమే.

కంప్రెషన్ అనే మాటే మరో పనికీ వాడతారు, అక్కడే గందరగోళం. రెండోది ఫైలు పరిమాణం తగ్గించడం. సీడీ సెకనుకు 44,100 సార్లు, ఒక్కోసారి 16 బిట్లతో, రెండు చెవులకూ ధ్వనిని కొలుస్తుంది. గుణిస్తే సెకనుకు 14.11 లక్షల బిట్లు. 35 నిమిషాల సింఫనీకి సుమారు 370 మెగాబైట్లు. అదే సెకనుకు 2.56 లక్షల బిట్ల స్ట్రీమింగ్‌లో దాదాపు 67 మెగాబైట్లే. మిగిలిన 300 ఎక్కడికి పోయాయి? పెద్ద శబ్దం పక్కనే ఉన్న చిన్న శబ్దాన్ని చెవి పట్టించుకోదు, అలాంటివాటిని తీసేస్తారు. ‘లాస్‌లెస్’ అంటే ఏదీ పారేయకుండా తెలివిగా మడతపెట్టింది.

తేడా తెలుస్తుందా? తక్కువ బిట్ల దగ్గర తాళాల ఝల్లు, ప్రతినాదపు తోక చెదరడం తెలుస్తుంది. 2.56 లక్షలు దాటాక, ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే చాలామంది గుర్తుపట్టలేరు. సీడీ కంటే పై స్థాయి ‘హై రిజల్యూషన్’ విషయంలో వివాదం ఇంకా సున్నితం. దాని సమర్థకులూ చూపగలిగిన తేడా చాలా చిన్నది. డబ్బు పెట్టేవారు పెట్టవచ్చు, కానీ ఫ్యాను ఆపితే వచ్చే లాభం అంతకంటే చాలా పెద్దదని పై లెక్క చూస్తే తెలుస్తుంది.

## ఇద్దరు మహానుభావుల రెండు దారులు

హాలా, రికార్డింగా అన్న వివాదాన్ని తమ జీవితంతోనే తేల్చుకున్నవారు ఇద్దరున్నారు. రుమేనియాలో పుట్టిన కండక్టర్ సెర్జియు చెలిబిదాకె, 1979 నుంచి మ్యూనిక్ ఫిల్హార్మోనిక్‌ను నడిపాడు. రికార్డింగులు విడుదల చేయడానికి ఎన్నో ఏళ్లు ఒప్పుకోలేదు. ఆయన వాదంలో పస ఉంది: సంగీతపు వేగాన్ని ఆ రోజు ఆ హాలు నిర్ణయిస్తుంది. స్వరాలు గుమికూడి ఆరిపోవడానికి హాలు ఎంత సమయం తీసుకుంటే అంత సమయం ఇవ్వాలి. ఆ వేగాన్ని టేపు మీద పట్టి చిన్న గదిలో వినిపిస్తే అది అకారణంగా నెమ్మదించినట్టుంటుంది. 1996లో ఆయన పోయాక కుటుంబం అనుమతితో ఆయన కచేరీల టేపులు సీడీలుగా వచ్చాయి. ఆయన చెప్పినట్టే కొందరికి అవి మరీ నిదానం అనిపించాయి, కొందరు వాటినే ప్రాణంగా చూసుకున్నారు.

రెండోవాడు కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్. 1964లో, ముప్పై ఒక్కేళ్ల వయసులో, కచేరీలు మానేసి స్టూడియోకే పరిమితమయ్యాడు. కచేరీలో దొరికేది ఒకే అవకాశం, శ్రోతల దగ్గుల మధ్య. స్టూడియోలో ఒకే రచనను భిన్నమైన రీతుల్లో వాయించి, వాటిలో ఒకదాని ఆరంభానికి మరోదాని మధ్యభాగం అతికించి, ఒక్కసారిగా ఎవరూ వాయించలేని రూపం తేవచ్చునన్నది ఆయన నమ్మకం. శిల్పి రాయిని చెక్కినన్ని సార్లు చెక్కవచ్చు గదా అన్నట్టు.

నా మనసు ఆర్కెస్ట్రా విషయంలో చెలిబిదాకె వైపు మొగ్గుతుంది. వేదిక లోతు 15 మీటర్లుంటే వెనుక టింపని దెబ్బ ముందు వరుసకు చేరడానికి 0.04 సెకనుకు పైగా పడుతుంది. చెవిని నమ్మితే అందరూ తలో క్షణంలో ఉంటారు. కాబట్టి వాళ్లు కండక్టర్ చేతిని చూస్తూ, పక్కవారి ఊపిరి గమనిస్తూ కలుస్తారు. ఆ కలయిక కళ్లముందు జరుగుతుంటే చూడటం వేరు. కానీ చెలిబిదాకె మాట అక్షరాలా పాటించి ఉంటే హైదరాబాద్‌లో పెరిగిన నాకు ఈ సంగీతం ఉందనే తెలిసేది కాదు. గూల్డ్ వైపు వాదనకు ఇంతకంటే బలమైన సాక్ష్యం నాకు కనిపించదు.

చప్పట్ల సంగతీ ఇక్కడే చెప్పాలి, కొత్తవారు దీనికే ఎక్కువ జంకుతారు. భాగానికీ భాగానికీ మధ్య నిశ్శబ్దంగా ఉండటం ఆది నుంచీ ఉన్న నియమం కాదు. బెథోవెన్ ఏడో సింఫనీ 1813లో మొదటిసారి వినిపించినప్పుడు రెండో భాగం అయ్యాక జనం పట్టుబట్టి దాన్ని మళ్లీ వాయించుకున్నారు. మౌనం ఆ తర్వాత నెమ్మదిగా, ఇరవయ్యో శతాబ్దంలో గట్టిగా స్థిరపడిన మర్యాద. రాగాలాపన మధ్యలో ‘శభాష్’ అనే మన సభికులు ఆనాటి వియన్నా శ్రోతలకు అపరిచితులుగా అనిపించి ఉండరు.

## హైదరాబాద్‌కు సొంత ఆర్కెస్ట్రా ఎందుకు లేదు

భారతదేశంలో పూర్తిస్థాయి వృత్తి ఆర్కెస్ట్రా అనగానే చెప్పుకునేది 2006లో ముంబై ఎన్‌సీపీఏలో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. దాన్ని తీర్చిదిద్దినవారిలో కజకిస్తాన్ వయొలిన్ విద్వాంసుడు మరాత్ బిసెంగలియేవ్ ముఖ్యుడు. వాద్యకారుల్లో చాలామంది విదేశాల నుంచి వచ్చినవారే. ముంబైకే అలా ఉంటే మన సంగతి ఊహించవచ్చు.

డబ్బు మొదటి అడ్డంకి. 80 మందికి నెలకు 60,000 చొప్పున ఇస్తే నెలకు 48 లక్షలు, ఏడాదికి 5 కోట్ల 76 లక్షలు. ఏడాదికి 40 కచేరీలు చేసి, ప్రతిసారీ 1,000 సీట్లూ నిండినా, ఒక్క జీతాలకే టికెట్టు మీద 1,440 రూపాయలు పడుతుంది. హాలు అద్దె, కండక్టర్, ప్రయాణాలు వేరే. ఇది హైదరాబాద్ ఒక్కదాని సమస్య కాదు. 1966లో ఆర్థికవేత్తలు బామల్, బోవెన్ దీని మూలం చెప్పారు: ఫ్యాక్టరీలో యంత్రాలొచ్చి ఒక్కో మనిషి చేసే పని ఏటేటా పెరుగుతుంది, దాంతో జీతాలూ పెరుగుతాయి. అరగంట సింఫనీకి మాత్రం 1808లో ఎంతమంది, ఎంతసేపు కావాలో ఇప్పుడూ అంతే కావాలి. అందుకే లోకంలో ఎక్కడా ఆర్కెస్ట్రాలు టికెట్ల డబ్బుతోనే బతకవు. యూరప్‌లో ప్రభుత్వాలు, అమెరికాలో దాతలు లోటు పూడుస్తారు. ఆ డబ్బు మన సంగీత కళాశాలలకూ, నాదస్వర, డోలు విద్వాంసులకూ ముందు దక్కాలన్న వాదన ఉంది. దాన్ని తోసిపుచ్చడం నాకు చేతకాదు.

మనుషులు రెండో అడ్డంకి, కానీ అనుకున్నంత పెద్దది కాకపోవచ్చు. నగరంలో వయొలిన్, పియానో, గిటారు నేర్చుకునే పిల్లలకు కొదవలేదు. లండన్ ట్రినిటీ కాలేజీ సంగీత పరీక్షలు రాసేవారు ఏటా ఉంటున్నారు. సికింద్రాబాద్ సైనిక బ్యాండ్లలో ట్రంపెట్లూ హార్న్‌లూ ఉన్నాయి. పెళ్లి ఊరేగింపుల బ్యాండు మేళంలో క్లారినెట్, యుఫోనియం తరతరాలుగా ఊదుతున్న కుటుంబాలున్నాయి. అరుదైనవి ఒబో, బసూన్, వయోలా. ఒబో వాద్యకారులు చాలామంది రెల్లును చాకుతో గీసి తమ రీడు తామే తయారుచేసుకుంటారు, అది చేయి తిరగడానికే ఏళ్లు పడుతుంది.

హాలు ముందా, ఆర్కెస్ట్రా ముందా అన్న వాదన కూడా నడుస్తూ ఉంటుంది. మంచి హాలు ఉంటే బయటి ఆర్కెస్ట్రాలైనా వస్తాయని ఒక పక్షం. వాయించేవారు లేకుండా హాలు కడితే అది మళ్లీ సన్మాన సభలకే పోతుందని ఇంకో పక్షం. రెండింటి మధ్య చిన్న దారి ఒకటి ఉందని నాకనిపిస్తుంది. ఎత్తైన కప్పూ, గట్టి గోడలూ ఉన్న పాత చర్చిలు సికింద్రాబాద్‌లో, అబిడ్స్‌లో ఉన్నాయి. వాటిలో ప్రతినాదం సహజంగానే దొరుకుతుంది, బృందగానం అక్కడ ఏనాటి నుంచో ఉంది. ద్వోరాక్ 1875లో, చైకోవ్‌స్కీ 1880లో తంత్రీ వాద్యాల కోసమే రాసిన సెరెనేడ్లకు ఒబో, బసూన్ అక్కర్లేదు. పాతిక మంది వాద్యకారులుంటే వాటిని అలాంటి చోట మైకు లేకుండానే వినిపించవచ్చు.